ఊక బూడిద మీద పాదాలు

విఠల్ సార్ దినకర్మకు వెళ్ళి వచ్చాను. కామారెడ్డి స్టేషన్ వెనక గల్లీలో వాళ్ళ అక్క ఇంటి ముందు టెంటు వేశారు. టెంటు పెద్దది, మనుషులే తక్కువ. జుక్కల్ వైపు నుంచి వచ్చిన చుట్టాలు ఒక మూల కూర్చుని మరాఠీ, తెలుగు కలిపి మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఎల్లారెడ్డి నుంచి ఎవరూ రాలేదు. నేను పుట్టి పెరిగింది అక్కడే గానీ పెళ్ళయ్యాక కామారెడ్డి మనిషినైపోయాను కాబట్టి నన్ను ఆ లెక్కలో వేయడానికి లేదు. భోజనానికి కూర్చున్నప్పుడు పక్క విస్తరి ముందున్న ఒక పెద్దాయన, "విఠల్ నీకు ఏమైతడమ్మా?" అని అడిగాడు. "మా కరాటే సార్" అన్నాను. "గా గుడ్డోని దగ్గర గూడ నేర్చుకున్నోళ్ళున్నరా!" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకు చర్రున కోపం వచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను ముద్దతో పాటు మింగాను. ఎందుకంటే సార్‌కు కళ్ళు కనపడవని నలుగురి ముందు మొదటిసారి చెప్పింది నేనే. ఇంటికి వచ్చాక నిద్ర పట్టక కాదు, ఇక దాచిపెట్టలేక ఇది రాస్తున్నాను.

అప్పట్లో మా ఇంట్లో నలుగురం. బాపు వరి పొలం చూసుకునేవాడు. అమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. తునికాకు తడి వాసన, తంబాకు ఘాటు మా ఇంటి గోడలకు కూడా పట్టి ఉండేవి. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల, నేను బీడీలు తాగుతానని టీచరుకు చాడీ చెప్పింది ఒకసారి. నాలుగో మనిషి మా అవ్వ, బాపు వాళ్ళమ్మ. ఆమెకు మనుషుల మొహాలకంటే కాళ్ళ మీద పట్టింపు ఎక్కువ. ఎవరైనా వచ్చి వెళ్తే, వాళ్ళు గల్లీ మలుపు తిరిగేదాకా ఆగి, వాకిట్లో వాళ్ళ అడుగుల్ని చీపురుతో చెరిపేసేది. నేను పెళ్ళికో బోనాలకో పోయి వచ్చి జ్వరం అంటే చాలు, నేను తొక్కిన చోట చిటికెడు మన్ను తీసి, ఉప్పు, ఎండుమిరపకాయలు కలిపి నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. మిరపకాయల ఘాటు రాకపోతే, "చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో" అని మెటికలు విరిచేది. అదే అవ్వ ఇంకో మాట కూడా చెప్పేది, గొంతు తగ్గించి. "కాలిమన్ను ఎవ్వలకు దొరకనియ్యకు బిడ్డా. బాణామతి చేసేటోళ్ళు గదే తీస్తరు. తీసి కట్టు కడితే మనిషి ఎండుకపోతడు." బాణామతి అన్న మాట పలికేటప్పుడు ఆమె వాకిలివైపు చూసేది. నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే, బడికి పోయేటప్పుడు దుమ్ము లేని చోట చూసుకుని అడుగు వేసేదాన్ని.

విఠల్ సార్‌ను ఎల్లారెడ్డికి మొదట మా బడివాళ్ళే పిలిపించారు, ఆడపిల్లలకు కొన్నాళ్ళు కరాటే చెప్పమని. ఆ కొన్నాళ్ళు అయిపోయాక బడి ఊరుకుంది, సార్ ఊరుకోలేదు. ఊరి చివర మూతపడిన రైస్‌మిల్లు ఒకటి ఉండేది. దాని గోదాము అడిగి తీసుకుని, పక్కనే వడ్లు తూచే కాంటా గదిలో మకాం పెట్టి క్లాసులు మొదలుపెట్టాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఉతికిన తెల్ల బట్టల్లో ఉండేవాడు. నేను చేరతానంటే బాపు ఒక్క మాటలో ఒప్పుకున్నాడు. "నోటితోని కొట్లాడుడు ఎట్లాగు ఆగది. చేతులన్న సక్కగ నేర్చుకోని" అన్నాడు అమ్మతో. తెలంగాణ కోసం బంద్‌లు, రాస్తారోకోలు నడుస్తున్న రోజులవి. బడి తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. బస్సులు కదలక రోడ్డు మొత్తం నిశ్శబ్దంగా పడి ఉంటే, మేం ఇరవైమందిమి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఆ గోదాములో చేరేవాళ్ళం.

ఆ గోదాము ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మిల్లు ఆగి ఎన్నేళ్ళో అయినా ఉడకబెట్టిన వడ్ల పులిసిన వాసన పోలేదు. రేకుల పైకప్పుకు మేకుల చిల్లులు. మిట్టమధ్యాహ్నం వాటిలోంచి సన్నటి ఎండ గీతలు నిలువుగా దిగేవి. ఎవరైనా నడిస్తే ఆ గీతలు ఒక్కొక్కటే తెగి మళ్ళీ అతుక్కునేవి. అందులో మా అడుగుల చప్పుడు ఒకటికి రెండుగా వినిపించేది. మేం ఆగిపోయాక కూడా ఇంకొకరెవరో ఒక అడుగు వేసి ఆగినట్టు ఉండేది. "గది మన చప్పుడే, రేకులకు తాకి వస్తది" అని సార్ చెప్పాడు. చెప్పినా సరే, చివరి వరసలో నిలబడడానికి ఎవరూ ఇష్టపడేవాళ్ళు కాదు.

మిల్లు వెనక బాయిలరు కింద కాల్చిన ఊక బూడిద గుట్టగా పడి ఉండేది. సార్ దాన్ని జల్లించి, గోదాము మధ్యలో మంచమంత జాగాలో వేలెడు మందాన పరిచి, చెక్కతో చదును చేసేవాడు. క్లాసు అయిపోయాక ఒక్కొక్కరం ఒట్టి కాళ్ళతో అందులో నిలబడాలి, గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి. ఒక గుద్దు, ఒక తన్ను. తర్వాత జాగ్రత్తగా బయటికి రావాలి. అప్పుడు సార్ మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, మా పాదాల గుర్తుల్లో వేళ్ళు పెట్టేవాడు. మడమ దగ్గర, బొటనవేలి కింద, పాదం బయటి అంచున. తడుముతూ చెప్పేవాడు: "నువ్వు గుద్దేటప్పుడు ఎనుకకు గుంజుకుంటున్నవ్, బరువంత మడిమె మీదనే ఉన్నది. ఎదుటోనికంటె ముందు నువ్వే భయపడ్డవ్." ఎప్పుడూ తప్పేవాడు కాదు. ఒకసారి ఒక పిల్లవాడి గుర్తు తడిమి, "పొద్దుగాల్నుంచి ఏం తినలేవా?" అని అడిగాడు. వాడు నిజంగానే తినలేదు, ఇంట్లో అలిగి వచ్చాడు. బూడిదలో ఆకలి ఎట్లా కనపడుతుందో నాకు ఇవాళ్టికీ తెలియదు. అడిగితే, "నిలువు వణికింది" అన్నాడు, అంతే.

ఆయన మమ్మల్ని ఎప్పుడూ నేరుగా చూసేవాడు కాదు. మేం వెనకనుంచి వస్తున్నా తల తిప్పకుండానే పేరు పెట్టి పిలిచేవాడు. ఎవరైనా పక్కనుంచి చెయ్యి చాపితే పట్టుకునేవాడు కాదు, చాపినవాళ్ళు నొచ్చుకునేవాళ్ళు. చూడాలంటే మొహం మొత్తం గుండ్రంగా తిప్పి, ఒక్క చోట నిలిపి, రెప్ప వేయకుండా చూసేవాడు. ఆ చూపు మన మీద పడితే మన వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారేమో అనిపించేది. పైగా మిల్లు ఆవరణలో ఉన్న బావి దగ్గరికి పోతూ, వస్తూ ఏదో గొణిగేవాడు. ఆ మాటలు మాకు తెలియవు. సార్‌కు వీపున కూడా కన్ను ఉందని చిన్నపిల్లలు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళలో నేనూ ఉన్నాను. భయపడుతూనే పోయేవాళ్ళం, పోకుండా ఉండలేకపోయేవాళ్ళం. నా జీవితంలో నన్ను అంత శ్రద్ధగా పట్టించుకున్న పెద్దమనిషి అప్పటికి ఇంకొకరు లేరు.

ఒక బంద్ రోజు మధ్యాహ్నం అందరికంటే ముందు వెళ్ళి, నీళ్ళు చల్లుదామని బకెట్ నింపి గోదాము గడపలో పెట్టాను. పెట్టి పక్కకు జరిగి చున్నీ నడుముకు బిగించుకుంటున్నాను. సార్ బావి వైపునుంచి గొణుగుతూ వచ్చాడు. నేరుగా వచ్చి బకెట్‌కు తట్టుకుని బోర్లా పడ్డాడు. నేను బిగుసుకుపోయాను. ఆయన లేచి, "ఎవలది?" అన్నాడు. నేను ఆయనకు కుడిపక్కన నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అడుగు కదల్చలేదు కాబట్టి ఆయనకు చప్పుడు అందలేదు. మెల్లగా చెయ్యెత్తి ఊపాను. ఆయన చూపు నా పక్కనుంచి పోయి గోడ మీద ఆగింది. ఇటుకలు పగలగొట్టే మనిషి మొహంలో అంత భయం నేను ఊహించలేదు.

"నేను సార్, రజితను."

"ఎప్పటిసంది నిలబడ్డవ్?"

"ముందటినుంచే."

ఆయన గడప మీద కూర్చున్నాడు. మోచెయ్యి కొట్టుకుపోయి నెత్తురు వస్తోంది, తుడుచుకోలేదు. "నడుమ గొట్టంల నుంచి చూసినట్టు ఇంత కనవడ్తది. పక్కల అంత చీకటే. గా గొట్టం గూడ మూసుకుంట వస్తున్నది. మా అమ్మకు గిట్లనే అయింది" అన్నాడు. హైదరాబాద్ దాకా పోయి చూపించుకున్నాడట, మందు లేదన్నారట. గొణిగేది మంత్రమూ కాదు, పాటా కాదు. మరాఠీలో అంకెలు. బావినుంచి గడపకు ఎన్ని అడుగులు, గడపనుంచి గోడకు ఎన్ని అడుగులు అని లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ రోజు లెక్క సరిగ్గానే ఉంది, మధ్యలో నా బకెట్ వచ్చింది. "ఎవ్వలకు చెప్పకు రజితా. కండ్లు లేనోని దగ్గరికి ఎవలు పిల్లలను తోలిస్తరు? గీ పిల్లలు పోతే నాకింక ఏం లేదు" అని అరచెయ్యి చాపాడు. అందులో చెయ్యి వేసి మాటిచ్చాను.

ఆ రోజునుంచి నేను ఆయన కళ్ళలో సగమయ్యాను. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే మడమతో నేలను ఒకసారి తట్టేదాన్ని. కుడివైపునుంచి చెయ్యి చాపితే రెండుసార్లు. ఆయన వెంటనే తిరిగి చెయ్యి పట్టుకునేవాడు. వచ్చినవాళ్ళు సంతోషపడేవాళ్ళు. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. బదులుగా ఆయన నాకు బూడిద చదవడం నేర్పాడు. కళ్ళు మూసుకుని గుర్తులో వేళ్ళు పెడితే మొదట బూడిద ఒక్కటే తగిలేది. నెలలు గడిచాక ఒక రోజు హఠాత్తుగా, వేళ్ళ కింద మనిషి నిలబడి ఉన్నట్టు తోచింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. సార్ నవ్వాడు. "తెలిసింది గద? ఇగ మర్చిపోదామన్నా పోదు" అన్నాడు.

మమత మా గల్లీ పిల్లే. వాళ్ళ నాన్న సాయిలు కాక, బాపుకు వరసకు తమ్ముడు. మమత నాకంటే బాగా తన్నేది, అందుకని నాకు కొంచెం కుళ్ళు కూడా. ఒక రోజు క్లాసయ్యాక ఆమె బూడిదలోంచి బయటికి వచ్చింది. సార్ గుర్తులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఎడమ పాదం గుర్తును మళ్ళీ తడిమాడు. బూడిద చదును చేయించి మళ్ళీ నిలబడమన్నాడు. అట్లా మూడుసార్లు. నన్ను పిలిచి నా వేళ్ళు కూడా పెట్టించాడు. కుడి పాదం లోతుగా, పూర్తిగా ఉంది. ఎడమది పైపైన ఉంది, ఆకు రాలి పడినట్టు.

"ఎడమకాలు భూమి మీద ఆనుతలేదు. నొస్తున్నదా?" అని అడిగాడు.

"ఏం నొస్తలేదు సార్" అని మమత ఎగిరి చూపించింది.

"రేపు గాదు, గీ దినమే దవాఖానకు పొమ్మని మీ నాయనకు చెప్పు. రజితా, నువ్వు గూడ పోయి చెప్పు."

చెప్పాను. సాయిలు కాక అరుగు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటూ నవ్వాడు. "దున్నపోతు లెక్క దుంకుతున్నది. దానికేమైంది?" అన్నాడు. నేను ఇంటికి వచ్చి అవ్వకు వర్ణించి వర్ణించి చెప్పాను: సార్ బూడిదలో మమత కాలి గుర్తును ఎట్లా మూడుసార్లు తడిమాడో, నాకు కూడా ఎట్లా తెలిసిందో. గొప్పకు పోయి చెప్పాను. అవ్వ చేతిలో చీపురు ఆగిపోయింది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

పదిహేను రోజులు కాకముందే మమత బడికి పోతూ రోడ్డు మీద కూలబడింది. ఎడమకాలు లేవలేదు. గిచ్చినా తెలియడం లేదు. ఇంట్లోవాళ్ళు ముందు గాంధారి వైపు ఎవరో చేతబడి చూసేవాడి దగ్గరికి తీసుకుపోయారు. అతను నిమ్మకాయ కోసి చూసి, ఈ పిల్ల కాలిమన్ను ఎవరో తీశారన్నాడు. సాయిలు కాక భార్య ఏడ్చుకుంటూ వచ్చి మా అవ్వకు ఆ మాట చెప్పింది. మా అవ్వ అన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నదంతా చెప్పేసింది. అవ్వ మీద నాకు కోపం లేదు. మనవరాలు ప్రమాదంలో ఉందనుకుంది ఆమె. నోరు జారింది నేను.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళు గోదాముకు వచ్చారు. సాయిలు కాకతో ఏడెనిమిదిమంది మగవాళ్ళు. బాపు పొలం దగ్గరున్నాడు. పిల్లల్ని బయటికి పొమ్మన్నారు. అందరూ పోయారు, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నన్ను కూడా పొమ్మని ఎవరో కసిరారు, కదల్లేదు. సార్ బూడిద చదును చేస్తున్నవాడు లేచి నిలబడ్డాడు. అన్ని వైపులనుంచీ చేరారు. ఎన్నిసార్లు మడమ కొట్టాలో నాకు తెలియలేదు.

"మా పిల్ల కాలిమన్ను తీసినవా, లేదా?" అన్నాడు సాయిలు కాక. మూడు రోజులుగా నిద్ర లేని గొంతు.

"తీయలే. చూసిన."

"చూసుడంటే కండ్లతోని చూస్తరు. నువ్వు చేతులు పెట్టి పిసికినవట! ఎడమకాలే పోతదని ఎట్ల తెల్సు నీకు? నువ్వు చెయ్యకపోతే ఎట్ల తెల్సు?"

"బరువు ఆనలే. చేతికి తెలుస్తది సాయిలూ. దవాఖానకు తీస్కపో, ఇంకా ఆల్చెం చెయ్యకు."

"కన్న తండ్రిని, నాకు తెల్వదు. నీకు తెలుస్తది!"

వెనకనుంచి ఒకాయన, "బాయి కాడికి పోంగ రాంగ ఒకటే గొణుగుడు. నేను ఈ చెవులతోని విన్న" అన్నాడు. ఇంకొకాయన మామూలు గొంతుతో, పొలానికి నీళ్ళు ఎప్పుడు పెట్టాలో చెప్పినంత మామూలుగా, "నోట్ల పండ్లు వీకితే మంత్రం పలుకది. గంతే. ఇంకేం చెయ్యొద్దు ఆయనను" అన్నాడు. కాంటా గదిలో పాత పనిముట్ల డబ్బా ఉండేది. అందులోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి ఎవరో సాయిలు కాక చేతిలో పెట్టారు. దానికి తుప్పు ఉంది. అది నాకు ఎండ గీతలో స్పష్టంగా కనపడింది.

సార్ తలుచుకుంటే వాళ్ళలో నలుగురిని పడగొట్టగలడు, చప్పుడు విని అయినా. ఆయన రెండు చేతులూ దించి, కాళ్ళు కలిపి నిలబడ్డాడు. నేను ఉన్న గోడ వైపు మొహం తిప్పి, తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. వద్దు అని. నాకే చెప్పాడు, నాకే అర్థమైంది. ఇద్దరు ఆయన భుజాలు పట్టుకున్నారు. ఒకడు దవడ పట్టుకున్నాడు. ఆయన తనంతట తానే నోరు తెరవడం చూశాను.

"సార్‌కు కండ్లు కనవడయి!" అని అరిచాను. రేకులు ఆ మాటను మళ్ళీ అన్నాయి. "సాయిలు కాకా, సార్ చూపు గుడ్డిది! గందుకే చేతులు పెడ్తడు! గొణుగుడు గాదు, అడుగులు లెక్కపెట్టుకుంటడు! నాకెప్పటిసందో తెల్సు!"

సాయిలు కాక కటింగ్ ప్లేయర్‌ను మెల్లగా సార్ కుడి కణత పక్కకు తెచ్చి, కంటికి బెత్తెడు దూరంలో ఆపాడు. సార్ రెప్ప వేయలేదు. ఇంకా దగ్గరికి తెచ్చాడు. రెప్ప వేయలేదు. అప్పుడు కాక చేతిలోంచి అది జారి కింద పడింది. ఆ చప్పుడుకు సార్ ఉలిక్కిపడ్డాడు.

"నిజమేనా సార్?" అన్నాడు కాక.

"నిజమే" అన్నాడు సార్. నాకు ఆ గొంతు గుర్తుంది. అంతకుముందు అందులో ఉన్నదేదో ఆ తర్వాత లేదు.

పట్టుకున్నవాళ్ళు వదిలేశారు. ఒకాయన సార్ చొక్కా సరిచేసి, తప్పైంది అన్నాడు. సాయంత్రానికల్లా మా గల్లీ మొత్తం పాపం పాపం అని నొచ్చుకుంది. ఒకామె అన్నం కూర కూడా పంపింది. మర్నాడు పొద్దున మాత్రం క్లాసుకు ఒక్క పిల్లా రాలేదు, నేను తప్ప. సార్ బట్టలు సంచిలో సర్దుకుని కూర్చుని ఉన్నాడు. బస్టాండు దాకా నేను ముందు నడిచాను, చెప్పులు నేలకేసి గట్టిగా కొడుతూ. ఆయన ఆ చప్పుడు వెంట వచ్చాడు. కామారెడ్డి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. చెయ్యి ఊపాను, ఊపి ఏం లాభమో అప్పుడు తట్టింది.

మమతను ఆ వారమే కామారెడ్డి తీసుకుపోయారు, అక్కడినుంచి హైదరాబాద్. వెన్నులో గడ్డ. ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, కాలు సగమే నిలిచింది. పదిహేను రోజుల ముందు తెచ్చి ఉంటే పూర్తిగా దక్కేదని డాక్టరు అన్నాడట. సాయిలు కాక ఊరికి వచ్చాక ఒక మధ్యాహ్నం ఒక్కడే గోదాములోకి పోయి చాలాసేపు ఉన్నాడు. ఎందుకు పోయాడో ఎవరూ అడగలేదు.

నేను డిగ్రీకి రోజూ ఎల్లారెడ్డినుంచి కామారెడ్డికి బస్సులో వచ్చే రోజుల్లో, రాష్ట్రం వచ్చిన కొత్తలో, రంగు కాగితాలు ఇంకా కరెంటు తీగలకు వేలాడుతుండగా, స్టేషన్ వెనక గల్లీలోంచి అడ్డంగా పోతున్నాను. చుట్టూ పదిమంది నడుస్తున్నారు. ఒక అరుగు మీదినుంచి, "రజితా!" అని పిలుపు. సార్ కూర్చుని ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. మొహం నా వైపు కూడా లేదు.

"మూడేండ్లాయె సార్. ఎట్ల గుర్తువట్టిండ్రు?" అన్నాను దగ్గరికి పోయి.

"మడిమె ముందు వెడ్తవ్, కొట్లాటకు పోతున్నట్టు. ఏం మారలే."

వాళ్ళ అక్క చాయ్ ఇచ్చింది. ఇప్పుడు గొట్టం కూడా మూసుకుపోయిందని ఆయనే చెప్పాడు. నేను మూడేళ్ళుగా మోస్తున్నది ఆయన కాళ్ళ దగ్గర దించేద్దామనుకున్నాను. "మాట తప్పిన సార్. గని నేను చెప్పకపోతే మీ పండ్లు పీకుతుండిరి" అన్నాను. ఆయన మెచ్చుకుంటాడని కాదు, కనీసం సరేలే అంటాడనుకున్నాను.

"పీకుతుండిరి. పది దినాలు నొస్తుండె, తగ్గుతుండె" అన్నాడు సార్, చాయ్ ఊదుకుంటూ. "పండ్లు పోయినోని దగ్గర మంత్రం లేదని వాళ్ళకు నమ్మకం. ఇగ భయం లేదు గద, నాలుగు దినాలకు పిల్లలు మళ్ళ వస్తుండిరి. పండ్లు లేని సార్ కరాటే నేర్పుతడు. కండ్లు లేని సార్ నేర్పుతడంటే ఎవలు తోలిస్తరు?"

ఆ మధ్యాహ్నం ఆయన చేతులు దించి నిలబడింది భయంతో కాదు, శాంతంతోనూ కాదు. అన్ని అడుగుల మధ్య, భుజాల మీద చేతులు పడుతుండగా, ఆయన కూడికలు తీసివేతలు చేసుకుని నోరు తెరిచాడు. నేను రక్షించానని మూడేళ్ళు అనుకున్న మనిషినుంచి నేను అన్నీ తీసేశాను. ఏడుపు వచ్చింది, ఏడుపుకంటే ఎక్కువ కోపం వచ్చింది. "మళ్ళ గదే దినం వస్తే మళ్ళ గదే చెప్త సార్! నోరు మూసుకోని చూడ నాతోని కాదు!" అన్నాను. వాళ్ళ అక్క లోపలినుంచి తొంగిచూసింది.

సార్ ఆమె అడుగుల చప్పుడు లోపలికి పోయేదాకా విన్నాడు. తర్వాత, "మమత కాలు ఎట్లున్నది?" అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: కుంటుతుంది, కుట్టుమిషను నేర్చుకుంటోంది. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టడానికి నేలను వెతుక్కున్నాడు. "గా దినం నేనే సాయిలు ఇంటికి పోవాల్సి ఉండె. పిల్లలతోని చెప్పి పంపిన. మీ గల్లీల తొవ్వ నాకు లెక్కలేదు. గడప తాకి పడితే అందరికి తెలుస్తదని భయమైంది. పోయి సాయిలు ముంగట కూసుంటే, ఎట్లన్న తోలుకపోతుండె దాన్ని" అన్నాడు. "నువ్వు నా సంగతి చెప్పినందుకు కాదు రజితా. గది తలుసుకుంటె నాకు నిద్ర రాదు."

నేను ఇప్పుడు మా ఇంటి వెనక సిమెంటు జాగాలో ఆడపిల్లలకు కరాటే నేర్పుతున్నాను. ఊక బూడిద లేదు, ఎవరూ నేల మీద వంగి తడమనివ్వరు కూడా. ఇప్పటి తల్లులు బాణామతి అంటే నవ్వుతారు, ఫోన్‌లో వీడియో తీసుకుంటారు, పిల్లలకు బూట్లు కొనిస్తారు. బూట్లు విప్పించి, కాళ్ళు కడిగించి, అప్పుడు సిమెంటు మీదికి రానిస్తాను. తడి గుర్తులు వాటంతటవే పడతాయి, ఎండేలోపు చూసుకోవచ్చు. సార్ పోవడానికి కొన్ని నెలల ముందు ఒక పిల్ల, ఎనిమిదేళ్ళది, నా ముందునుంచి నడిచిపోయింది. కుడి పాదం నిండుగా, ఎడమ పాదం పైపైన. నేను వంగి, కళ్ళు మూసుకుని, ఆ తడి మీద వేళ్ళు పెట్టాను. చల్లగా ఉంది. అదే గుర్తు. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆ పిల్ల తల్లి.

"ఏం చేస్తున్నరు మేడం?" అంది.

చెప్పాను. ఎడమకాలు ఆనడం లేదని, ఇవాళే చూపించమని. ఆమె నవ్వలేదు. నా వేళ్ళ వైపు చూసింది. తర్వాత నా మీదినుంచి చూపు తిప్పకుండానే, తన పాదంతో ఆ తడి గుర్తును రాసి చెరిపేసింది. పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే అడుగుతూ అడుగుతూ వాళ్ళ ఇల్లు కనుక్కుని పోయాను. లోపలికి రమ్మనలేదు. అరుగు మీద కూర్చున్నాను. ఎండ ఎక్కింది. ఇరుగుపొరుగు వచ్చి చూసి పోయారు. ఏదో గొణుక్కున్నారు. మధ్యాహ్నం దాటాక ఆ పిల్ల తండ్రి చొక్కా తొడుక్కుని వచ్చి, పిల్లను దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో పిలిచాడు, నన్ను వదిలించుకోవడానికే కావచ్చు.

ఆ పిల్ల కాలు ఇప్పుడు బాగుంది. మొన్న వాళ్ళ గల్లీలో పరుగెత్తుతుంటే చూశాను, రెండు పాదాలూ నిండుగా పడుతున్నాయి. నా క్లాసుకు మాత్రం మళ్ళీ రాలేదు, దాని వెనక ఇంకో ఇద్దరు కూడా మానేశారు. నన్ను చూడగానే వాళ్ళమ్మ గబగబా బయటికి వచ్చి, ఆ పిల్లను ఇంట్లోకి పిలిచి తలుపు వేసుకుంది.